నీలం బటన్ల కోసం వింజమూరు

వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది, నెల్లూరు జిల్లా వింజమూరులో ఒక మాస్టారి ఇంట్లో తీసింది. పాత టీవీ స్టాండు మీద లేత గోధుమరంగు కంప్యూటరు, కీబోర్డు అందులోనే కలిసిపోయి ఉంది. పైవరుస బటన్లు నీలంగా ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకో చెప్పాలి. ఇంగ్లండులో ఎకార్న్ కంపెనీ 1981 చివర్లో బీబీసీ మైక్రో అనే కంప్యూటరును తెచ్చింది. 15 లక్షలకు పైగా తయారయ్యాయి కనుక మామూలుది దొరికితే నాలాంటి పిచ్చివాళ్లు కూడా పెద్దగా పట్టించుకోరు. దాని పైవరుస బటన్లు నారింజ కలిసిన ఎరుపు. కానీ మన దేశంలో దానికి ఇద్దరు తమ్ముళ్లు పుట్టారు. మొహాలీలో సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ వాళ్ల యూనికార్న్ ఒకటి, హోప్ కంప్యూటర్స్ వాళ్ల డాల్ఫిన్ ఇంకొకటి. డాల్ఫిన్‌కు ఆ బటన్లు నీలం. పదిహేనేళ్లుగా ఇంటినిండా పాత కంప్యూటర్లు పోగేసి ఇంట్లోవాళ్ల చేత తిట్లు తింటున్నాను గానీ, డాల్ఫిన్‌ను ఒక్కసారీ కళ్లతో చూడలేదు.

సికింద్రాబాదులో సింహపురి ఎక్కాను. సంచిలో సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు, రెండు కొత్త కెపాసిటర్లు. బెర్తు మీద పడుకుని ప్రోటాన్ గురించి ఆలోచించాను. 1981 మొదట్లో, తమ పేరు పెట్టుకోడానికి ఒక కంప్యూటరు వెతుకుతున్న బీబీసీ వాళ్లు చూడటానికి వస్తున్నారని తెలిసి, ఎకార్న్ కుర్రాళ్లు వారం తిరక్కుండా చేతులతో వైర్లు చుట్టి ఒక నమూనా నిలబెట్టారు. దాని పేరే ప్రోటాన్. అదే తర్వాత బీబీసీ మైక్రో అయింది. అదే కంపెనీ 1984లో ఆఫీసుల కోసం ఏబీసీ అనే వరుస చూపించింది గానీ, దాదాపు ఏదీ అంగడి దాకా రాలేదు. నాకు అలాంటివంటేనే మోజు. అమ్ముడుపోయినవాటికంటే ఆగిపోయినవాటి దగ్గరే కథలు ఎక్కువ.

తెల్లవారాక కావలిలో దిగి కారం దోశ తిన్నాను. ఎర్రకారం కళ్లలోంచి నీళ్లు తెప్పించింది, అయినా రెండోది చెప్పాను. వింజమూరు బస్సు కలిగిరి మీదుగా వెళ్లింది. పొగాకు బేళ్ల లారీల వెనక పడి నెమ్మదిగా.

మాస్టారిది లెక్కలు. రిటైరయి చాలా ఏళ్లయింది. గుమ్మంలోనే ఆపేశారు.

"చెప్పులు బయటే అబ్బయా. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

1984లో కేంద్రం క్లాస్ అనే పథకం పెట్టి మొదట సుమారు 250 స్కూళ్లకు బీబీసీ మైక్రోలు ఇచ్చింది. ఈయన పనిచేసిన స్కూలుకూ వచ్చాయి. ఆ గదికి పరదాలు, తాళం, గుమ్మం ముందు చెప్పుల కుప్ప. తర్వాత తుక్కు వేలంలో ఒకదాన్ని 300 రూపాయలకు పాడుకున్నారట.

దుప్పటి తీశారు. దగ్గరికి వెళ్లి చూశాను. నీలమే. కానీ ప్లాస్టిక్ నీలం కాదు. కరెంటు వైర్లకు చుట్టే ఇన్సులేషన్ టేపు, ఒక్కో బటన్‌కు కొలిచి కత్తిరించి అంటించి ఉంది. ఓ మూల గోటితో లేపితే కింద ఎరుపు. తిరగేసి చూస్తే అడుగున ఎకార్న్ చీటీ.

"ఎందుకు అంటించారు అయ్యోరూ?"

"ఎర్రగా కనపడితే పిలకాయల చెయ్యి ఆగుద్దా? ఆ చివర బ్రేక్ అని ఒకటుంది. అది నొక్కారంటే రాసిందంతా పోయె."

నా మొహం చూసి ఏమనుకున్నారో, "దీనికోసమా అంత దూరం వచ్చావు?" అన్నారు. అబద్ధమాడలేదు. డాల్ఫిన్ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు, లోపలికి వెళ్లి ఒక గ్రాఫ్ పుస్తకం తెచ్చారు.

అందులో పేజీ నిండా ఎనిమిదికి ఎనిమిది గళ్లు, గళ్లలో పెన్సిలు నింపిన తెలుగు అక్షరాలు. ఈ కంప్యూటరులో వీడీయూ 23 అనే ఆజ్ఞతో మన అక్షరం మనమే చేసుకోవచ్చు. ఎనిమిది గళ్ల వరుసకు ఎడమ నుంచి 128, 64, 32 అలా సగానికి సగం తగ్గుతూ 1 దాకా విలువలు. నడిమి రెండు గళ్లు నింపితే 24, రెండు చివరలు నింపితే 129. అలాంటి ఎనిమిది అంకెలు కలిస్తే ఒక అక్షరం. ఇంగ్లీషుకు ఆ ఎనిమిదికి ఎనిమిది గడి చాలు. మన 'ఘ'కు ఏం చాలుతుంది? పైగా కొత్తవాటికి చోటు 224వ నంబరు నుంచి 255 వరకే, అంటే 32.

మాస్టారు చేసిన పని చూసి నేను కాసేపు మాట్లాడలేదు. గడి మీద గడి పెట్టారు. కింది గడిలో అక్షరం ఒళ్లు, పై గడిలో తలకట్టు. క, గ, చ, ద, న అన్నిటికీ ఒకే తలకట్టు గడి! దాన్ని తీసి గుడి పెడితే కి, గి, చి. ఎవరూ చెప్పకుండా, వింజమూరులో, లెక్కల మాస్టారు.

"నడిపి చూద్దామా?"

పవర్ సప్లయ్‌లో పాత ఫిల్టర్ కెపాసిటర్లు నెర్రెలిచ్చి ఉన్నాయి. అలాగే ప్లగ్గు పెడితే గదినిండా కంపు పొగ వచ్చేది. మార్చాను. రామ్ చిప్పులూ రోమ్ చిప్పులూ సాకెట్లలో వదులయ్యాయి. వాటిని లేపడానికి అమ్మగారు వంటింట్లోంచి ఉదయగిరి చెక్క చెంచా ఇచ్చారు. సన్నటి కాడ, బోర్డు గీరుకోలేదు. నా ఖరీదైన పట్టకారు సంచిలోనే ఉండిపోయింది. వీడియో తీగను వాళ్ల టీవీకి కలిపాం. బూ... బీప్. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో 32కె అని వచ్చింది.

ప్రోగ్రాం ఉన్న క్యాసెట్టు మీద మాస్టారి అమ్మాయి పెళ్లి నాదస్వరం రికార్డయి ఉంది. అందుకని పుస్తకం చూస్తూ ఆయన అంకెలు చదువుతుంటే నేను కొట్టాను. అంతకుముందే ఎర్ర బటన్లు చూడాలన్న సరదాతో టేపులన్నీ పీకేశాను. సగంలో నా వేలు బ్రేక్ మీద పడింది. తెర ఖాళీ.

"అందుకే గదా అంటించింది," అన్నారాయన. "ఓల్డ్ అని కొట్టు."

కొట్టాను. మొత్తం తిరిగొచ్చింది. మాన్యువల్లో చదివిన సంగతే, కంగారులో గుర్తు రాలేదు. ఇంకో గంటకు కరెంటు పోయింది. దానికి ఓల్డ్ లేదు. అమ్మగారు మజ్జిగ ఇచ్చారు, కరెంటు వచ్చాక మళ్లీ మొదటి అంకె నుంచి.

నాలుగింటికి తెర మీద 'నది' అని వచ్చింది. 'ద' కొంచెం పొట్టిగా ఉంది.

ఒత్తులెందుకు చేయలేదని అడిగితే, 32 అయిపోయాయన్నారు. అప్పుడు చెప్పాను. ఎఫ్‌ఎక్స్ 20 అని ఇంకో ఆజ్ఞ ఉంది, కొంత మెమరీ వదులుకుంటే మొత్తం 224 అక్షరాల దాకా చేసుకోవచ్చు. ఆయన నా వైపు కాసేపు చూశారు.

"నలబై ఏళ్లు ఆలస్యంగా వచ్చావే అబ్బయా."

కంప్యూటరు ఇమ్మని అడగలేదు. పుస్తకం ఇవ్వరని అడక్కుండానే తెలుసు. ఫొటోలు తీసుకున్నాను, 41 పేజీలు. నేను సంచి సర్దుతుంటే ఆయన కొత్త పేజీ తీసి పెన్సిలు చెక్కుతున్నారు.

కావలి బస్సులో ఫొటోలు చూద్దామంటే తెర జరగదు. వేళ్లకు ఇంకా ఆ పాత టేపు జిగురే.