నీళ్ళ బరువు: డెల్ నోర్టే రెండో ప్రయత్నం

జనవరి, ఆఖరి ఆదివారం

కిందటి సెప్టెంబరులో శాంటా క్రూజ్ దీవి మీద మాకు నీళ్ళు అయిపోయాయి. రెండు రాత్రులకని నేనూ మా బావమరిదీ తలా 5 లీటర్లు మోసుకెళ్ళాం. రెండోరోజు మధ్యాహ్నానికే సీసాలు బోర్లించాల్సి వచ్చింది. పడవేమో మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాదు. పక్క టెంటులో ఉన్న పెద్దాయన, ఆయన భార్య లీటరున్నర ఇచ్చారు కాబట్టి గట్టెక్కాం. ఇంటికొచ్చాక నెలరోజులు బ్యాగు మొహం చూడలేదు. ఇప్పుడు మళ్ళీ ఏప్రిల్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఈసారి అన్నీ తూకం వేసి రాసుకుంటున్నాను.

ఈ దీవి తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. కాలిఫోర్నియా తీరంలో వెంచురా ఊరికి ఎదురుగా ఉంటుంది. ఛానల్ ఐలాండ్స్ నేషనల్ పార్కులోని 5 దీవుల్లో ఇదే పెద్దది, దాదాపు 96 చదరపు మైళ్ళు. అందులో పార్కు చేతిలో ఉన్నది తూర్పువైపు పావువంతు లోపే. మిగతాదంతా నేచర్ కన్సర్వెన్సీ అనే సంస్థది, అటు మనం స్వేచ్ఛగా తిరగడానికి లేదు. రాత్రి ఉండటానికి రెండు చోట్లున్నాయి. ఒకటి స్కార్పియన్. పడవ దిగిన అర మైలులో క్యాంపు, కొళాయి నీళ్ళు, జనం. రెండోది డెల్ నోర్టే. ప్రిజనర్స్ హార్బర్‌లో పడవ దిగి మూడున్నర మైళ్ళు కొండెక్కాలి. సుమారు 700 అడుగుల ఎత్తున, ఓక్ చెట్ల కింద, నాలుగంటే నాలుగే టెంటు స్థలాలు. నీళ్ళు లేవు. దిగిన రేవులోనూ లేవు. తాగే ప్రతి చుక్కా వీపు మీదే రావాలి. లీటరు అంటే కిలో. ఈ డైరీ అంతా ఆ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతుంది.

ఫిబ్రవరి 1

పాత సామాను తూచాను. బ్యాగు 2.4 కిలోలు, టెంటు 3.1, స్లీపింగ్ బ్యాగు 1.9, కింద పరుచుకునే చాప 0.9. బట్టలు, టార్చి, మందులు, వంట గిన్నె లాంటివి 2.9. మొత్తం 11.2. తిండి, నీళ్ళు, గ్యాసు పెట్టకముందు లెక్క ఇది. దీన్నే బేస్ వెయిట్ అంటారు. పోయినసారి వాటితో కలిపి 19.7 కిలోలు మోశానన్నమాట. అందులో నీళ్ళు 5 మాత్రమే. బావమరిది ఆ టెంటు చూసి, "ఇది టెంటా బావా, పెళ్ళి పందిరా?" అన్నాడు. పోయినసారి వాడు మొయ్యలేదు కదా, ఎన్నయినా అంటాడు.

ఈసారి దారి కూడా మార్చాం. డెల్ నోర్టేలో రెండు రాత్రులు కాదు, ఒక్కటే. మర్నాడు అక్కణ్ణుంచి దీవి తూర్పు కొసకి సుమారు 12 మైళ్ళు నడిచి స్కార్పియన్ చేరడం. అక్కడ కొళాయి ఉంది కాబట్టి రెండో రాత్రికి నీళ్ళు మొయ్యక్కర్లేదు. దూరం పెరిగింది, బరువు తగ్గింది. నా మోకాళ్ళకి ఈ బేరం బాగానే ఉంది.

ఫిబ్రవరి 8

ముందు పడవ, తరవాత క్యాంపు. ఈ వరస తప్పితే ఇబ్బందే. స్కార్పియన్‌కి పడవలు ఎక్కువ, ప్రిజనర్స్‌కి తక్కువ, రోజూ ఉండవు. మాకు వెళ్ళేది ప్రిజనర్స్‌కి, వచ్చేది స్కార్పియన్ నుంచి. ఆ సంగతి టికెట్ తీసేటప్పుడే చెప్పాం. పొయ్యి గ్యాస్ డబ్బా తెస్తున్నామని కూడా చెప్పాలి. పడవ ఖాయమయ్యాక రిక్రియేషన్ డాట్ గవ్‌లో రెండు క్యాంపులూ చెరో రాత్రికి బుక్ చేశాను.

ఫిబ్రవరి 15

కొత్తవి కొనడంలో ఒకటే నియమం పెట్టుకున్నాను: బరువైనవి ముందు మార్చు, చిన్నవాటి జోలికి పోకు. పళ్ళు తోముకునే బ్రష్ సగానికి విరిచి 6 గ్రాములు ఆదా చేశామని చెప్పుకునేవాళ్ళున్నారు. పాత స్లీపింగ్ బ్యాగు మారిస్తే 800 గ్రాములు తగ్గింది. వాడిన సామాను అమ్మే చోట ఈకల స్లీపింగ్ బ్యాగు దొరికింది, 1.1 కిలో. మోసే బ్యాగు 1.3. చాప 0.45. టెంటు ఇద్దరికీ కలిపి 1.8, పంచుకుంటే నా వంతు 0.9. మిగతావి 2.65కి దిగాయి. పోయినసారి మూడు ప్యాంట్లు ఎందుకు పట్టుకెళ్ళానో నాకే తెలియదు. కొత్త మొత్తం 6.4.

మార్చి 1

నీళ్ళ లెక్క. మనిషికి రోజుకి గాలన్ చొప్పున పెట్టుకోమని సాధారణంగా చెప్తారు, అంటే 3.8 లీటర్లు. నేను పడవ దిగిన దగ్గర్నుంచి ఏ పనికి ఎంతో విడిగా రాసుకున్నాను. కొండెక్కేటప్పుడు 0.7. సాయంత్రం వంట, టీ కలిపి 0.8. పడుకునేలోపు తాగడానికి 0.7. పొద్దున వంట, టీ 0.6. పన్నెండు మైళ్ళకి 2.5. మొత్తం 5.3. దారి తప్పినా, సీసా జారి పడినా ఉండాలని 0.7 అదనం. ఆరు లీటర్లు. ఆరూ ఒకే సంచిలో పొయ్యకూడదు, అది చిరిగితే ఇంక చెప్పేదేముంది. రెండు లీటర్ల మెత్తటి సంచులు రెండు, లీటరు సీసాలు రెండు.

ఆలోచిస్తే పోయినసారి దాహానికి ఎండ ఒక్కటే కారణం కాదు. ఆవకాయ. రాత్రి ఆవకాయన్నం, పొద్దున ఆవకాయతో పెరుగన్నం. ఆ ఉప్పుకి గంటగంటకీ సీసా ఎత్తాం. పైగా నూనె గిన్నె కడగడానికి అర లీటరు. ఈసారి ఆవకాయ లేదు. మా ఆవిడ నమ్మలేదు.

మార్చి 8, 15

తిండి ప్రయోగాలు. ముద్దపప్పు పల్చగా ట్రేలో పరిచి ఓవెన్‌లో అతి తక్కువ వేడి మీద ఎనిమిది గంటలు ఎండబెట్టాను. కందిపప్పు రాళ్ళలా తేలింది. వేణ్ణీళ్ళు పోసి ఇరవై నిమిషాలు ఆగినా పంటికింద గుగ్గిళ్ళే. పెసరపప్పు మాత్రం పొడైపోయి, నీళ్ళు పడగానే కలిసింది. కంది వదిలేశాను.

అన్నిటికంటే నచ్చింది ఉప్మా. బొంబాయి రవ్వ దోరగా వేయించి, ఆవాలు, మినప్పప్పు, జీడిపప్పు, కరివేపాకు తాలింపు వేసి పూర్తిగా చల్లార్చి, మనిషికి 90 గ్రాముల చొప్పున జిప్ కవర్లలో కట్టాను. తినేటప్పుడు మరిగిన నీళ్ళు పావు లీటరు ఆ కవర్లోనే పోసి, మూసి, ఉన్ని టోపీలో చుట్టి పది నిమిషాలు పెట్టాలి. మరిగే నీళ్ళకి తట్టుకునే మందపాటి కవరే వాడాలి, పల్చటిది కరుగుతుంది. గిన్నె కడిగే పని లేదు. గిన్నె కడగకపోవడం అంటే అర కిలో తక్కువ మొయ్యడం.

మార్చి 22

మాలిబు క్రీక్ స్టేట్ పార్కులో ఆరు మైళ్ళు, 9 కిలోలతో. సులువే. దారిలోనే కదా అని తిరుగు ప్రయాణంలో మాలిబు వెంకటేశ్వరస్వామి గుడికెళ్ళాం. చెమట చొక్కాలతో లోపలికి వెళ్ళడం బాగోదని కార్లో బట్టలు మార్చుకున్నాం. అక్కడ పులిహోర తింటుంటే, మొదటి మధ్యాహ్నానికి పడవ మీదికి పులిహోరే అని తేలిపోయింది. చింతపండు, నూనె ఉంటాయి కాబట్టి ఒక పూట పాడవదు.

మార్చి 29

శాండ్‌స్టోన్ శిఖరం, 3,111 అడుగులు, శాంటా మోనికా కొండల్లో అన్నిటికంటే ఎత్తు. బ్యాగు 14 కిలోలు. అందులో 7 కిలోలు నీళ్ళ సీసాలే. ఎక్కాక ఐదు సీసాలు ఒంపేసి దిగాను. ఎక్కేటప్పుడు కాళ్ళకి పని దొరుకుతుంది, దిగేటప్పుడు మోకాళ్ళకి శిక్ష ఉండదు. ఈ చిట్కా పాత ట్రెక్కర్లది, నాది కాదు. కుడి మడమ మీద చిన్న బొబ్బ. మేజోళ్ళు మార్చాలి.

ఏప్రిల్, మొదటి శుక్రవారం

బ్యాగు తూచాను. 6.4 + నీళ్ళు 6 + తిండి 1.7 + పొయ్యి, గ్యాసు 0.45. 14.55 కిలోలు. పోయినసారి కంటే ఐదు కిలోలు తక్కువ, నీళ్ళు మాత్రం లీటరు ఎక్కువ.

శనివారం

పోయినసారి పడవలో నా పరిస్థితి రాయను. ఈసారి వాంతులు రాకుండా రాత్రొక మాత్ర, ఎక్కడానికి గంట ముందు ఇంకొకటి. పడవ వెనక వైపు నిలబడి, దూరంగా దీవి అంచు మీదే చూపు. బుగ్గన అల్లం మురబ్బా. మధ్యలో డాల్ఫిన్లు వచ్చాయి. అందరూ ఒక పక్కకి పరిగెత్తారు, నేను కదల్లేదు.

ప్రిజనర్స్ హార్బర్ అన్న పేరు ఊరికే రాలేదు. మెక్సికో ప్రభుత్వం 1830లో ఖైదీలను తెచ్చి ఈ దీవి మీద వదిలింది. అంతకు ముందు వేల ఏళ్ళుగా ఇక్కడున్నవాళ్ళు చూమాష్ ప్రజలు. పలకలు కుట్టిన పడవల్లో ఈ సముద్రపాయ దాటేవారు. మాకు మోటారు పడవలో వచ్చినా కడుపులో తిప్పింది.

రేవు నుంచి పైకి రెండు దారులు. పాత నేవీ రోడ్డు వెడల్పుగా, ఒకే వాలున పోతుంది. కాలిబాట లోయల్లోకి దిగి ఎక్కి దిగి ఎక్కి పోతుంది, నీడ ఎక్కువ. మేం కాలిబాట పట్టాం. రెండు గంటల ఇరవై నిమిషాలు. దారి పక్కన కాలికి తగిలితే సోంపు వాసన. నిజంగా సోంపే. పశువుల పెంపకం ఉన్న రోజుల్లో అవి మేసేవి, 1980ల చివర్లో వాటిని తీసేశాక విరగబడి పెరిగింది. హోటల్లో బిల్లుతో పాటు ప్లేటులో పెట్టే సోంపుని కొండవాలు నిండా చూడటం తమాషాగా ఉంది. ఇక్కడి చెట్లకి మాత్రం అది శత్రువు.

డెల్ నోర్టేలో ఓక్ చెట్టు కింద మా బల్ల. కింద సముద్రం, అవతల ఖండం కొండలు. తిండి పెట్టుకోవడానికి మూత గట్టిగా పడే పెట్టె ఉంటుంది. వచ్చిన వెంటనే వాసనొచ్చేవన్నీ అందులో పెట్టెయ్యాలి. బావమరిది ఐదు నిమిషాలు ఆలస్యం చేశాడు. బొంతకాకి వాడి బ్యాగు జిప్ లాగి కంది పొడి పొట్లం ఎత్తుకుపోయింది. ఇరవై గజాల దూరంలో చించి, రుచి చూసి, వదిలేసి పోయింది. "కారం ఎక్కువైందేమో బావా" అంటూ నేల మీది పొడి ఏరాడు. నవ్వాను గానీ, అవి మన తిండికి అలవాటు పడటం మంచిది కాదు. జిప్పులకి చిన్న కారాబినర్ (స్ప్రింగు కొక్కెం) తగిలిస్తే తియ్యలేవు. ఎలుకల్లో హాంటా వైరస్ ఉంటుంది కాబట్టి టెంటు జిప్పు కూడా ఎప్పుడూ తెరిచి ఉంచొద్దు.

చీకటి పడేముందు నక్క వచ్చింది. పిల్లి అంత ఉంటుంది. దాదాపు రెండు కిలోలు, అంటే నా రెండు సీసాలు. ఈ నక్కలు 2000 నాటికి ఈ దీవిలో వందలోపుకి పడిపోయాయి. డీడీటీ వల్ల బాల్డ్ డేగలు పోయాయి. ఆ ఖాళీలోకి గోల్డెన్ డేగలు వచ్చాయి. అడవి పందుల పిల్లలు దొరుకుతుంటే అవి ఇక్కడే స్థిరపడి నక్కల్ని తినడం మొదలెట్టాయి. గోల్డెన్ డేగల్ని పట్టి ఖండానికి పంపారు, పందుల్ని పూర్తిగా తీసేశారు, బాల్డ్ డేగల్ని తిరిగి తెచ్చారు, నక్కల్ని బోనుల్లో పెంచి వదిలారు. 2004లో అంతరించే జాబితాలో చేరిన జంతువు 2016లో అందులోంచి బయటికొచ్చింది. అది మా బల్ల కింద వాసన చూసి, ఏమీ లేదని తేల్చుకుని వెళ్ళిపోయింది.

నీళ్ళు: సాయంత్రం ఏడుకి 3.9 మిగిలాయి. పడుకునేలోపు తాగేది అంతా అప్పటికే అయిపోయింది కాబట్టి లెక్క ప్రకారం 3.8 ఉండాలి.

ఆదివారం

ఆరుంపావుకి బయల్దేరాం. పొగమంచు. తొమ్మిది దాకా అదే మాకు గొడుగు. నేవీ రోడ్డు మీద తూర్పుకి నడుస్తూంటే ఓ నీలం పక్షి కంచె మీద కూర్చుంది. ఐలాండ్ స్క్రబ్ జే. ప్రపంచంలో ఈ ఒక్క దీవి మీదే ఉంటుంది.

తరవాత మోంటన్యోన్ గుట్టవరస. 1,800 అడుగుల దాకా ఎక్కుతాం, నీడ లేదు, బాట మీద గులకరాళ్ళు. పైన గాలి బ్యాగుని పట్టి తిప్పింది. ఇక్కడ ఒక తప్పు చేశాను. టోపీ తాడు కట్టుకోలేదు. టోపీ లోయలో ఉంది. చెవులు కాలాయి. కర్రలు లేకపోతే దిగుడులో కచ్చితంగా పడేవాణ్ణి. దూరంగా అనకాపా దీవి మూడు ముక్కలుగా కనిపించింది. ఫోటో తియ్యడానికి ఆగి, లేవడానికి మనసొప్పలేదు.

ఒంటిగంటా ఇరవైకి స్కార్పియన్. ఏడు గంటల ఐదు నిమిషాలు పట్టింది, విశ్రాంతితో కలిపి. యూకలిప్టస్ చెట్ల కింద కొళాయి. నా సీసాలో 0.6 ఉంది, వాడి దాంట్లో 0.4. వాడు ఆ వెచ్చటి నీళ్ళు నెత్తిన పోసుకుని, "బావా, ఇప్పుడు ఆవకాయ ఉంటేనా" అన్నాడు.

ఇంటికొచ్చాక

వాడనివి: వానకోటు (వెంట ఉంచుకోవాల్సిందే), రెండో టార్చి (ఇక తియ్యను), పెసరపప్పు ఒక పొట్లం. చెత్తంతా వెనక్కి తెచ్చాం, 310 గ్రాములు. కవర్లు తగ్గించొచ్చు. మేజోళ్ళు మార్చినా ఎడమ చిటికెనవేలి మీద బొబ్బ. బూట్లు అర సైజు పెద్దవి చూడాలి. టోపీ కొనాలి, తాడున్నది.