పేలియో డైట్‌లో ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి?

కొంతకాలంగా పేలియో డైట్‌లో ఉన్నాను. అంటే వ్యవసాయం రాకముందు ఆదిమానవుడు తిన్నాడనుకునే తిండి మాత్రమే తినడం. ధాన్యాలు, పప్పులు, పాలు, చక్కెర, ప్యాకెట్ తిండి ఏవీ లేవు. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, పళ్లు, బాదం లాంటి గింజలు మాత్రమే.

ఆకలి అదుపులోకి రావడం నిజంగా పెద్ద ఊరట. ప్రోటీన్ బాగా అందుతుంటే మాటిమాటికీ ఏదో ఒకటి నమలాలనిపించదు. బరువు కూడా మొదట్లో చకచకా తగ్గింది. అయితే అందులో చాలా భాగం నీరే. పిండిపదార్థాలు తగ్గిస్తే ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (శరీరం దాచుకున్న చక్కెర) ఖర్చవుతుంది, దాంతోపాటు ఉన్న నీరూ పోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఈ సంగతి ముందే తెలియాలి.

నాకు మింగుడుపడనిది పప్పుల మీద నిషేధం. పీచు, ఫోలేట్ అనే బి విటమిన్, తక్కువ ఖర్చులో ప్రోటీన్, ఇన్ని ఇచ్చే తిండిని ఎందుకు వదులుకోవాలి? వాటిలో సహజంగా ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు ఖనిజాలను ఒంటబట్టనివ్వవంటారు. నానబెట్టి ఉడికిస్తే అవి కొంతవరకు తగ్గుతాయి. ఇక ఆదిమానవుడు ధాన్యం తినలేదన్న వాదన అసలు నిలవదు. ఇజ్రాయెల్‌లోని ఒహాలో 2 అనే చోట దాదాపు 23,000 ఏళ్ల నాటి గుడిసెల్లో అడవి బార్లీ గింజలు, వాటిని నూరిన రాయి దొరికాయి. అప్పటికి వ్యవసాయం ఇంకా మొదలవలేదు!

ఈ డైట్‌కి ఖర్చు ఎక్కువ. శాకాహారులకైతే దాదాపు కుదరని పని. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఇంత ప్రోటీన్ జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్తాను.

అందుకే పప్పులు మళ్లీ మొదలుపెడుతున్నాను. చక్కెర, ప్యాకెట్ తిండి మాత్రం మళ్లీ ముట్టను. కాల్షియం కోసం పాలా, ఆకుకూరలూ చిన్న చేపలా అన్నది ఇంకా తేల్చుకోవాలి.