సోమవారం పొద్దున్న తైపీ నుంచి ఫోను

సోమవారం వస్తే మా ఇంట్లో పొద్దున్న 8 గంటలకి ఎవరూ ఏ పనీ పెట్టుకోరు. అమ్మ అప్పటికే పూజ ముగించుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇక్కడ 8 అయితే తైవాన్‌లోని తైపీలో పదిన్నర, డాలస్‌లో అక్కావాళ్లకి ఇంకా ఆదివారం రాత్రే. మూడు చోట్ల మొహాలూ ఫోనులోకి వచ్చేసరికి అమ్మ మొదటి మాట ఎప్పుడూ ఒకటే, "ఏటి తిన్నావు నాయనా?"

తైపీలో ఉన్నది మా మేనల్లుడు. వాడికి 19 ఏళ్లు, పుట్టిందీ పెరిగిందీ అమెరికాలోనే. బావకి ఉద్యోగం పోయి నానా ఇబ్బందులూ పడ్డ ఏడాది, పక్కింట్లో ఉండే మోర్మన్ కుటుంబం అక్కావాళ్లని సొంత మనుషుల్లా చూసుకుంది. కొన్నాళ్లకి వీళ్లూ ఆ చర్చిలో చేరారు. 1830లో జోసెఫ్ స్మిత్ అమెరికాలో పెట్టిన చర్చి అది, యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అన్నది వాళ్లు తెలుగులో రాసుకునే పేరు. మా బంధువుల్లో దాని మీద ఎంత గొడవ జరిగిందో ఇప్పుడు తవ్వుకోను.

ఆ చర్చిలో మగపిల్లలు 18 నిండాక రెండేళ్లు మిషనరీగా వెళ్తారు. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివాళ్లు 70,000కి పైనే ఉన్నారు. ఎక్కడికి వెళ్లాలో వాళ్లు ఎంచుకోవడానికి లేదు, చర్చి పెద్దల దగ్గర నుంచి కబురు వస్తుంది, వచ్చిన చోటికి వెళ్లాలి. జీతం రాదు సరికదా ఖర్చు కూడా ఇంటివాళ్లదే, అమెరికా పిల్లలకైతే 2020 నుంచి నెలకి 500 డాలర్లు. అక్క ఆ లెక్క చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది, కాలేజీలో ఉండాల్సిన పిల్లాడిని డబ్బు కట్టి మరీ ఊరు కాని ఊరు పంపుతారా అని ఆ రోజు ఫోనులో గట్టిగానే అనేశాను.

ఇప్పుడు వాడి రోజు ఎలా గడుస్తుందో మా అమ్మకి నోటికి వచ్చు. ఆరున్నరకి లేవాలి, కాసేపు కసరత్తు, స్నానం, తిండి, తర్వాత గ్రంథం చదువుకోవడం, తనతో ఉండే ఇంకో మిషనరీ, అంటే జతగాడితో కూర్చుని ఇంకోసారి చదవడం, ఆ తర్వాత చైనా భాష. అవన్నీ అయ్యాక తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ల పెట్టుకుని, హెల్మెట్ తగిలించుకుని సైకిళ్ల మీద బయటపడతారు. సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడితే పక్కన స్కూటర్ మీద ఉన్నవాళ్లని పలకరించాలి, లైటు మారేలోపు నాలుగు మాటలు మాట్లాడాలి. చాలామంది తల అడ్డంగా ఊపేసి వెళ్లిపోతారట. రాత్రి ఇల్లు చేరి పదిన్నరకి పడుకోవాలి. సినిమాలు లేవు, టీవీ లేదు, అమ్మాయిలతో తిరగడం లేదు. సోమవారం ఒక్కరోజు బట్టలు ఉతుక్కోవడానికి, సామాన్లు తెచ్చుకోవడానికి, ఇంటికి ఫోను చేసుకోవడానికి. 2019 ఫిబ్రవరికి ముందైతే ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లేనట, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. ఆ మాట విని అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది జతగాడి సంగతి. ఎప్పుడూ ఇద్దరు కలిసే ఉండాలి, ఒకరి కంటికీ చెవికీ ఇంకొకరు అందనంత దూరం వెళ్లకూడదు. ఆ రెండోవాడు ఎవరన్నది పైవాళ్లు నిర్ణయిస్తారు. ఆరు వారాలకోసారి మార్పులు జరుగుతాయి, అప్పుడు ఊరు మారొచ్చు, మనిషి మారొచ్చు. మొదటి జతగాడితో మనవాడికి అస్సలు పడలేదు. అతను గంటల తరబడి మాట్లాడేవాడు కాదట. చెప్పుకోవడానికి వేరే ఎవరూ లేరు, కోపం వస్తే తలుపు వేసుకుని కూర్చోవడానికి వేరే గది లేదు. "ఏం చేశావురా?" అంటే, "గిన్నెలు కడిగాను మామయ్యా, అతని వంతు కూడా," అన్నాడు. డాలస్‌లో తిన్న కంచం తీసేవాడు కాదు వీడు!

ఇంకోటి టీ. 1833 నాటి ఒక ఉపదేశాన్ని బట్టి వాళ్లు కాఫీ, టీ, మందు, పొగాకు ముట్టరు. తైవాన్‌లో మనిషి ఇంటికి వస్తే టీ పోయడమే మర్యాద, మన దగ్గరలాగే. ఒకరోజు ఒక ముసలాయన వీళ్లని లోపలికి పిలిచి, చిన్న చిన్న కప్పులు వేడినీళ్లతో కడిగి, ఎంతో శ్రద్ధగా టీ పోశాడట. మేం తాగమండీ అని చెప్పడానికి వాడికి నోరు రాలేదు, వచ్చీ రాని భాషలో ఎలాగో చెప్పాడు. ఆయన ఏమీ అనలేదు. ఆ కప్పులు వెనక్కి తీసుకుని, టీ పారబోసి, అవే కప్పుల్లో వట్టి వేడినీళ్లు పోసి మళ్లీ రెండు చేతులతో అందించాడు. వాళ్ల చర్చి గురించి ఒక్క ముక్క కూడా వినలేదు, చిన్నప్పటి తన ఊరి గురించే గంట సేపు మాట్లాడాడు. అందులో వీడికి సగమే అర్థమైంది. అయినా ఆ వారం అంతటిలో మంచి రోజు అదే అన్నాడు.

భాష గురించి చెప్పేటప్పుడు మాత్రం వాడి మొహం వెలిగిపోతుంది. కొనడమన్నా 'మై', అమ్మడమన్నా 'మై', గొంతు దించి లేపితే కొనడం, పైనుంచి ఒక్కసారిగా దించితే అమ్మడం. అమ్మ ఆ రెండూ పలికి చూసి, "మరి సంతలో తగువులు రావేటి?" అంది. వాడు పడీ పడీ నవ్వాడు. ఇదివరకు అమ్మతో 'హాయ్ అమ్మమ్మా, బాగున్నావా' తప్ప ఇంకో ముక్క రాని పిల్లాడు, ఇప్పుడు తన తెలుగు తప్పులు దిద్దమని అడుగుతున్నాడు. కాగితం పెట్టుకుని రాసుకుంటాడు కూడా.

నేను వాడికి గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి చెప్పాను. మా ఊళ్లోనే బడిపంతులుగా చేస్తూ, చుట్టుపక్కల కొండల్లోంచి వచ్చే సవరల మాట నేర్చుకోవాలని, రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారాయన. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. ఆ కథ విని వాడు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నాళ్లు పట్టింది మామయ్యా?"

ఇదంతా చెప్పినా నా మనసులో ఒక ముల్లు ఉంది. మతం మార్పిడి మీద 1967లోనే చట్టం చేసిన రాష్ట్రం మాది. మా కొండల్లో ఈ విషయం మీద మనుషులు ఎలా విడిపోతారో చూస్తూ పెరిగాను. అందుకే వాడిని సూటిగానే అడిగాను, రేపు ఎవరో వచ్చి మీ అమ్మమ్మ తలుపు తట్టి నీ దేవుణ్ణి వదులుకో అంటే నాకు నచ్చదు, నువ్వు చేసేది అదే కదా అని. వాడు తడుముకోలేదు. "నాకు నిజమనిపించింది చెప్తాను మామయ్యా, వద్దంటే థాంక్స్ చెప్పి వచ్చేస్తాను," అన్నాడు. నాకు ఆ జవాబు సరిపోలేదు. సరిపోలేదని వాడికీ చెప్పాను. అయినా మళ్లీ సోమవారం వాడు ఫోను చేశాడు, నేను ఎత్తాను.

మొన్న మార్పులు జరిగి కొత్త జతగాడు వచ్చాడు, అమెరికాలోని యూటా కుర్రాడట. వీడు మాట్లాడుతున్నంతసేపూ వెనకాల ఒక తెల్ల చొక్కా చెయ్యి కనిపిస్తూనే ఉంది. అమ్మ ఊరుకుంటుందా, ఆ పిల్లాడిని ముందుకి రమ్మంది. పాపం పద్దెనిమిదేళ్లవాడు, వచ్చి వారం కాలేదు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. అమ్మ కాసేపు చూసి, "వీళ్లమ్మతో మాట్లాడాడేటి?" అని అడిగింది. మావాడు ఇంగ్లీషులో అడిగాడు. ఇంకా లేదట, మన ఫోను అయ్యాక చేసుకుంటానన్నాడట.

"అయితే పెట్టేయ్ నాయనా," అంది అమ్మ. ఫోను మొదలై అప్పటికి ఐదు నిమిషాలు కూడా కాలేదు.