లోవెల్ మిల్లు మోత
నిన్న మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో బూట్ కాటన్ మిల్లు మ్యూజియం చూశాం. పాత మరమగ్గాలు ఇప్పటికీ నడిపి చూపిస్తారు. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకున్నా నేల అదురు అరికాళ్ల నుంచి పళ్లదాకా పాకింది. చీరాలలో తాతయ్య మగ్గం చప్పుడే పెద్ద మోత అనుకునేవాణ్ణి! పది నిమిషాలకే బయటపడ్డాను.

1830ల్లో పల్లెల నుంచి లోవెల్ మిల్లుల్లో పనికి వచ్చిన ఆడపిల్లలు అలాంటి మోతలో రోజుకు 12, 13 గంటలు నిలబడ్డారు. 1834లో కూలి కోసినప్పుడు, 1836లో హాస్టల్ ఖర్చు పెంచినప్పుడు పని ఆపేసి వీధికెక్కారు. ఓటు హక్కు కూడా లేనివాళ్లు!

ఆ పత్తి మాత్రం అమెరికా దక్షిణాదిలో బానిసలు ఏరింది. ఇక్కడ నేసిన ముతకగుడ్డ కొంత తిరిగి వాళ్ల ఒంటిమీదికే వెళ్లేది. ఇది నాకు కొత్త, మింగుడుపడలేదు.

వస్తూ అక్కడే నేసిన తువ్వాలొకటి కొన్నాను. ఇంకా మడత విప్పలేదు.