సిలిండరును వంటింటి బయటికి మార్చేటప్పుడు

కడపలో మేముంటున్న ఇల్లు పాతది. వంటగదిలో కడప బండతో కట్టిన గట్టు కిందే ఇన్నాళ్లూ గ్యాస్ సిలిండరు ఉండేది. దానిని వెనుక వరండాలోకి మార్చి, అక్కడి నుంచి పొయ్యి దాకా రాగి పైపు వేయించాము. పైపును ఏ దారిన తేవాలన్నది తర్వాతి మాట. ఎప్పుడైనా గ్యాస్ లీకైతే అది ఎటు పోతుందో ముందుగా తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

సిలిండరులోని ప్రొపేన్, బ్యూటేన్ వాయువులు గాలికన్నా బరువైనవి కాబట్టి, లీకైన గ్యాస్ పైకి లేవకుండా నేల వెంబడి పాకి పల్లపు చోట్లా మూలల్లోనూ నిలిచిపోతుంది. గాలిలో దాని పాలు దాదాపు 2 శాతానికి చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది. కిటికీ తెరిచే ఉందన్న ధైర్యం ఇక్కడ సరిపోదు. అందుకే సిలిండరు పక్కన మురుగు తూము గాని, నేలమట్టంలో ఇంట్లోకి తెరుచుకునే సందు గాని లేని చోటును ఎంచుకున్నాము. దానికి పెట్టె కట్టించేవారు తలుపు అడుగున గాలి రంధ్రాలు తప్పక పెట్టించాలి. వేడి పెరిగినకొద్దీ సిలిండరు లోపలి ఒత్తిడి పెరుగుతుంది గనుక, మన సీమ ఎండలకు నీడ కూడా అంతే అవసరం.

"పైపు గోడలో పూడ్చేస్తే కనపడదు కదన్నా" అన్నాడు మా మేస్త్రీ. అందుకు నేను ఒప్పుకోలేదు. గోడ లోపల అతుకు కారితే కనిపెట్టే దారి ఉండదు. రేపు ఎవరో పటం తగిలించడానికి మేకు కొడితే అది నేరుగా పైపుకే తగలవచ్చు. గోడను దాటే చోట మాత్రం పైపుకు తొడుగు గొట్టం వేయించాము. గట్టు బండకు వేసిన రంధ్రంలోనూ అదే జాగ్రత్త పాటించాము, ఎందుకంటే కోసిన కడప బండ అంచు చాలా పదునైనది, దానికి ఒరుసుకుంటూ ఉంటే పైపు క్రమంగా అరిగిపోతుంది.

గ్యాస్ పనిని మాత్రం మేస్త్రీకి గాని, నీళ్ల పైపుల పనివారికి గాని వదలకుండా ఏజెన్సీ ద్వారా వచ్చిన ఫిట్టరుతోనే చేయించాలి. పొయ్యి తగిలించకముందే అతడు పైపులోకి గాలి ఎక్కించి, గేజు ముల్లు దిగకుండా నిలిచిందో లేదో చూపించాలి. గ్యాస్ వదిలాక ప్రతి అతుకు మీదా సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు ఇప్పటికీ కొందరిలో ఉంది. అది ప్రాణాంతకం, ఇంట్లో ఎవరినీ అలా చేయనివ్వవద్దు. వంటగదిలో చేతికి అందే చోట ఒక వాల్వు ఉండాలి. పొయ్యికి వెళ్లే నారింజ రంగు సురక్షా ట్యూబును దాని మీద ముద్రించిన గడువు లోపలే మార్చాలి. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా వాల్వునూ రెగ్యులేటరునూ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వెళ్లి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోను చేయాలి.

మున్ముందు మన వీధికి పైపుల ద్వారా సహజ వాయువు వస్తే లెక్క తిరగబడుతుంది. అందులో ప్రధానంగా ఉండే మీథేన్ గాలికన్నా తేలిక కాబట్టి కప్పు కిందికి చేరుతుంది. పొయ్యిలో గ్యాస్‌ను బర్నరులోకి వదిలే సన్న రంధ్రపు బిరడాలను, అంటే జెట్లను కూడా మార్చవలసి వస్తుంది. ఆ ఆలోచనతోనే గోడ పైభాగాన ఉన్న పాత వెంటిలేటరును మూయించకుండా ఉంచాము.