ఆకులోని ఫంగస్ నుంచి శుద్ధ పదార్థం దాకా: నా అనుభవం

ఆకుల్లో, కొమ్మల్లో మొక్కకు ఏ జబ్బూ చేయకుండా లోపల బతికే ఫంగస్‌లే ఎండోఫైట్‌లు. అలాంటి ఒకదాన్ని వేరుచేసి, పెంచి, బాక్టీరియా పెరగకుండా ఆపే పదార్థాన్ని అందులోంచి శుద్ధంగా తీసి, దాని నిర్మాణం తేల్చేదాకా నేను పాటించే పద్ధతి ఇది. ఇందులో సగం శ్రమ రెండు ప్రశ్నలకే పోతుంది: ఇది నిజంగా ఫంగస్ తయారుచేసిందేనా? పనిచేస్తున్నది నిజంగా ఇదేనా?

ఆకు కోసిన రెండు రోజుల్లోపు పని మొదలుపెట్టాలి. కుళాయి నీటితో కడిగి, 70% ఇథనాల్‌లో ఒక నిమిషం, 2% క్లోరిన్ ఇచ్చే సోడియం హైపోక్లోరైట్‌లో మూడు నిమిషాలు, మళ్ళీ ఇథనాల్‌లో అర నిమిషం ముంచి, స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) నీటితో మూడుసార్లు కడుగుతాను. పలచటి ఆకైతే హైపోక్లోరైట్ రెండు నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే లోపలి ఫంగస్ కూడా చస్తుంది. చివరిసారి కడిగిన నీటిని ఒక ప్లేటు మీద పరిచి, ఆకునే ఇంకో ప్లేటు మీద అద్ది తీస్తాను. ఆ రెండింటిలో ఏది మొలిచినా ఆ విడత మొత్తం పారేయాల్సిందే, ఎందుకంటే పై దుమ్ములోని బూజుకూ లోపలి ఎండోఫైట్‌కూ తేడా చెప్పడం ఇక కుదరదు. ఆకు అంచులు కోసేసి, అర సెంటీమీటరు ముక్కల్ని బాక్టీరియాను ఆపే క్లోరాంఫెనికాల్ కలిపిన పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్ (ఫంగస్‌లు పెంచే జెల్లీ) మీద పెడతాను. ట్రైకోడెర్మా లాంటి వేగంగా పెరిగే ఫంగస్‌లు ప్లేటంతా కమ్మేసేలోపే మిగతావాటి తంతువుల కొసల్ని వేరే ప్లేట్లకు మార్చుకోవాలి.

గుర్తింపుకు ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్ని సీక్వెన్స్ చేస్తే (అక్షరాల వరుస చదివితే) ప్రజాతి దాకా సాధారణంగా తెలుస్తుంది. ఫ్యుజేరియం, కొలెటోట్రైకం వంటి ప్రజాతుల్లో జాతి తేలాలంటే అది చాలదు. టీఈఎఫ్1, బీటా ట్యుబ్యులిన్ జన్యువులు కూడా చూడాలి. శుద్ధ కల్చర్ చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని, అగార్ ముక్కల్ని 20% గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచడం. పదేపదే ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తూ పోతే చాలా ఫంగస్‌లు పెరుగుతూనే ఉంటాయి గానీ మనకు కావలసిన పదార్థాన్ని తయారుచేయడం మానేస్తాయి.

అయితే నాలుగైదుసార్లు మార్చిన కల్చర్‌తో కూడా ఒకసారి పరీక్షించాలి. మొక్క కణజాలం నుంచి అంటుకొచ్చిన పదార్థం అప్పటికి పలచబడి మాయమవుతుంది. ఫంగస్ సొంత తయారీ అయితే మిగులుతుంది. ఇది చాదస్తం కాదు. పసిఫిక్ యూ చెట్టులోని టాక్సోమైసిస్ ఆండ్రియానే అనే ఎండోఫైట్ ఆ చెట్టులోనే దొరికే క్యాన్సర్ మందు టాక్సాల్‌ను తయారుచేస్తుందని 1993లో ప్రకటించారు. చెప్పిన మోతాదు లీటరుకు నానోగ్రాముల్లో. ఇరవయ్యేళ్ళ తర్వాత దాని జీనోమ్ చదివి చూస్తే టాక్సాల్ తయారీకి కావలసిన జన్యువులు కనబడలేదు.

ఒకే ఫంగస్ మీడియం (పెరిగే ఆహారం) మారితే వేరే పదార్థాలిస్తుంది. అందుకే ద్రవ మీడియంలో ఒకటి, బియ్యం మీద ఒకటి తప్పకుండా పెంచుతాను. బియ్యం మీదే దిగుబడి ఎక్కువని నా లెక్క. లీటరు ఫ్లాస్కులో 80 గ్రాముల బియ్యం, 120 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టి, 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపి), చల్లారాక ఐదారు అగార్ ముక్కలు వేసి, 25 డిగ్రీల దగ్గర కదపకుండా మూడు నాలుగు వారాలు ఉంచుతాను. పక్కనే ఫంగస్ వేయని ఫ్లాస్కు ఒకటి అన్ని రోజులూ ఉండాలి. బియ్యంలోంచి లినోలీక్, ఓలీక్ ఆమ్లాలు సారంలోకి (సాల్వెంట్‌తో బయటికి తీసిన మిశ్రమంలోకి) వస్తాయి. లినోలీక్ ఆమ్లం ఒక్కటే స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియాను ఆపగలదు. ఫంగస్ వేయని ఆ ఫ్లాస్కు సారంతో పోల్చకపోతే నెలల తరబడి బియ్యపు కొవ్వును వెంటాడుతూ ఉంటాం.

సారం తీయడానికి ఇథైల్ ఎసిటేట్ అనే సాల్వెంట్ (కరిగించే ద్రవం) వాడతాను. ఫ్లాస్కుకు 250 మిల్లీలీటర్లు పోసి, గడ్డల్ని చిదిపి, రాత్రంతా ఉంచి వడకట్టాలి. రంగు రావడం ఆగేదాకా మళ్ళీ మళ్ళీ. నీటితో కడిగి, నీరులేని సోడియం సల్ఫేట్‌తో తడి తీసి, రోటరీ ఎవాపరేటర్‌లో (ఫ్లాస్కును తిప్పుతూ తక్కువ ఒత్తిడిలో సాల్వెంట్‌ను పోగొట్టే యంత్రంలో) 40 డిగ్రీల నీటి స్నానంలో ఆవిరి చేస్తాను. మిగిలినదాన్ని 90% మిథనాల్‌లో కరిగించి హెక్సేన్‌తో మూడుసార్లు కడిగితే కొవ్వులు చాలావరకు పోతాయి. రెండు ద్రవాల్ని విడదీసే సెపరేటింగ్ ఫనెల్‌ను గట్టిగా కుదిపితే తెల్లటి నురగలా కలిసిపోయి గంటల తరబడి విడిపోదు. మెల్లగా తిప్పడమే మేలు. అయినా కలిసిపోతే కొంచెం ఉప్పునీరు పోయాలి, లేదా సెంట్రిఫ్యూజ్ చేయాలి.

సాల్వెంట్లు అమాయకమైనవి కావు. మిథనాల్‌లో ఆమ్లం తోడైతే మిథైల్ ఎస్టర్లు పుడతాయి. పక్కపక్కనే హైడ్రాక్సిల్‌లున్న అణువుకు ఎసిటోన్ అంటుకుంటుంది. కొన్ని ఆల్కలాయిడ్‌లతో డైక్లోరోమీథేన్ చర్య జరుపుతుంది. క్లోరోఫాంలో నిలవ కోసం కలిపే ఇథనాల్ సంగతి చాలామంది మరిచిపోతారు. 'కొత్త' పదార్థంలో మిథాక్సీ (మిథనాల్ నుంచి రాగల గుంపు) కనిపిస్తే, మిథనాల్ బదులు ఇథనాల్ వాడి ఇంకోసారి తీసి చూడాలి. అప్పుడు ఇథాక్సీ వస్తే అది మనం చేసిన వస్తువే.

సారం తీసేటప్పుడు వేడి చేసే చెరుపుకు మలేరియా మందు ఆర్టెమిసినిన్ కన్నా మంచి ఉదాహరణ లేదు. 1971లో చైనా శాస్త్రవేత్త థూ యూయూ బృందం ఎక్కువ వేడిని వదిలి, దాదాపు 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీశాకే మలేరియా మీద స్థిరమైన ఫలితం వచ్చింది. ఆ కృషికి 2015లో నోబెల్ దక్కింది.

ఇక ప్లాస్టిక్. మాస్ స్పెక్ట్రంలో (అణువుల బరువు చూపే గ్రాఫ్‌లో) 391.28, దాని సోడియం జత 413.27, ముక్క 149.02 కనిపిస్తే సంబరపడొద్దు; అది థాలేట్, అంటే ట్యూబుల్లోంచి, మూతల్లోంచి కారిన, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే ప్లాస్టిసైజర్. థాలేట్‌లను ప్రకృతి సహజ పదార్థాలుగా రాసిన పేపర్లు చాలానే ఉన్నాయి. వాడబోయే సాల్వెంట్ ఒక లీటరు ఒట్టిగా ఆవిరి చేసి, అడుగున మిగిలినదాన్ని అదే యంత్రంలో నడిపి దాచుకుంటే ఈ వాదన ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

బాక్టీరియా పరీక్షకు అగార్‌లో గుంట తీసి చుట్టూ వలయం కొలిచే పద్ధతిని నేను నమ్మను. నీటిలో కరగని పదార్థం అగార్‌లో పాకదు, కాబట్టి మంచి పదార్థం కూడా చిన్న వలయమే ఇస్తుంది. 96 గుంటల ప్లేటులో, మిల్లీలీటరుకు 5 లక్షల కణాలతో, సారాన్ని సగం సగం పలచన చేస్తూ, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 20 గంటలు ఉంచి ఎంఐసీ (బాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస మోతాదు) చూస్తాను. సారాన్ని కరిగించే డీఎంఎస్ఓ 1% దాటకూడదు, ఒట్టి డీఎంఎస్ఓ గుంటలు తప్పనిసరి. రంగున్న సారంలో మసక కనబడదు గనుక రెసజురిన్ అనే రంగు వేస్తాం. బాక్టీరియా బతికి ఉంటే నీలం గులాబీ అవుతుంది. కానీ పాలీఫీనాల్‌లు బాక్టీరియా లేకుండానే ఆ రంగు మార్చగలవు. సారం ఉండి బాక్టీరియా లేని గుంట దీన్ని పట్టిస్తుంది. బతికున్న కణాల్ని రంగు మార్పుతో కొలిచే ఎంటీటీ పరీక్షలోనూ ఇదే చిక్కు.

ఎంజైమ్ పరీక్షలైతే ఇంకా మోసం. చాలా పదార్థాలు నీటిలో ఉండలు కట్టి ఎంజైమ్‌ను పట్టేసి, నిరోధకాల్లా కనిపిస్తాయి. ఆ ఉండల్ని విడగొట్టే డిటర్జెంట్ ట్రైటాన్ ఎక్స్-100ను 0.01% కలిపితే మాయమయ్యే ప్రభావాన్ని నేను లెక్కలోకి తీసుకోను. మొక్కల సారాల్లో టానిన్‌లు ఏ ప్రోటీన్‌కైనా అతుక్కుంటాయి. పాలిఅమైడ్ పొడి నింపిన గొట్టం (కాలమ్) గుండా పంపి వాటిని తీసేశాకే పరీక్ష. హద్దు విషయానికొస్తే, మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల లోపు పనిచేయని సారాన్ని వదిలేస్తాను. ఒక మిల్లీగ్రాము దగ్గర పనిచేస్తే దాన్ని 'చురుకైనది' అనడం మాటల గారడీ.

కాలమ్ ఎక్కించకముందే ఎల్‌సీ-ఎంఎస్ (పదార్థాల్ని విడదీసి బరువు చూసే యంత్రం) నడిపి, తెలిసిన పదార్థాల డేటాబేస్‌లతో పోల్చాలి. ఆపైన సారాన్ని ఒకసారి హెచ్‌పీఎల్‌సీలో (అధిక ఒత్తిడితో కాలమ్ గుండా పంపి విడదీసే యంత్రంలో) నడిపి, బయటికొచ్చే ద్రవాన్ని నేరుగా 96 గుంటల్లోకి పట్టి, ఆరబెట్టి, బాక్టీరియా వేస్తే ఏ నిమిషంలో వచ్చే పీక్ (గ్రాఫ్‌లో ఒక పదార్థపు శిఖరం) పనిచేస్తోందో తెలుస్తుంది. ఏ గుంటా పనిచేయకపోతే, అన్నింటినీ మళ్ళీ కలిపి పరీక్షించాలి. కలిపితే ప్రభావం తిరిగొచ్చిందంటే అది పలు పదార్థాల ఉమ్మడి పని, లేదా విడిపోయి పలచబడింది. రాలేదంటే ఆ పదార్థం కాలమ్‌లోనే చెడిపోయింది, లేదా అక్కడే ఇరుక్కుంది.

విడదీయడానికి కాలమ్‌లో నింపే సిలికా మీద పదార్థం చెడకుండా నిలుస్తుందా అన్నది కూడా ముందే చూడొచ్చు. సిలికా పూసిన చదరపు టీఎల్‌సీ ప్లేటు మూలన చుక్క పెట్టి, ఒకసారి నడిపి, గంట ఆగి, ప్లేటును తొంభై డిగ్రీలు తిప్పి అదే సాల్వెంట్‌లో మళ్ళీ నడపాలి. చుక్కలన్నీ మూల నుంచి మూలకు గీసిన గీత మీదే ఉంటే నిశ్చింత. గీత పక్కకు జరిగిన చుక్క సిలికా మీద విరిగిపోయినది. అలాంటప్పుడు సిలికా వదిలి సెఫడెక్స్ ఎల్‌హెచ్-20, సీ18 అనే వేరే కాలమ్ పదార్థాల్లో ఒకదానికి వెళ్తాను. సిలికా వాడితే సారానికి కనీసం 30 రెట్ల బరువు తీసుకుని, సారాన్ని కొంచెం సిలికాతో పొడిగా కలిపి పైన వేస్తాను. కావలసిన చుక్క ఆర్‌ఎఫ్ (సాల్వెంట్ ఎక్కిన దూరంలో చుక్క ఎక్కిన వంతు) 0.2, 0.3 మధ్య ఉండేలా సాల్వెంట్ ఎంచుకోవాలి.

హెచ్‌పీఎల్‌సీలో 4.6 మిల్లీమీటర్ల కాలమ్ నుంచి 10 మిల్లీమీటర్లకు మారేటప్పుడు ప్రవాహాన్ని 4.7 రెట్లు పెంచితే పీక్‌లు దాదాపు అదే సమయానికి వస్తాయి. ఫ్రాక్షన్‌ను (విడిగా పట్టిన భాగాన్ని) ఆరబెట్టేటప్పుడు, హెచ్‌పీఎల్‌సీ ద్రవంలోని ఎసిటోనైట్రైల్ ముందు పోయి, నీటితో పాటు ఫార్మిక్ ఆమ్లం చిక్కబడుతూ వస్తుంది. సున్నితమైన పదార్థం చివరి ఐదు మిల్లీలీటర్లలోనే చస్తుంది. అందుకే ఎసిటోనైట్రైల్ పోగానే ఆపి, మిగతాది గడ్డకట్టించి ఫ్రీజ్ డ్రై చేస్తాను.

నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్ పరీక్షకు రెండు నుంచి ఐదు మిల్లీగ్రాములుంటే హాయి. డ్యుటీరియం క్లోరోఫాంలో ఆమ్లపు జాడలుంటాయి. ముందు బేసిక్ అల్యూమినా గుండా పంపాలి. డీఎంఎస్ఓలో కరిగిస్తే తిరిగి రాబట్టడం కష్టం. క్లోరోఫాంలో తీసిన ఎన్‌ఎంఆర్ గ్రాఫ్‌లో 1.26, 0.86 పీపీఎం దగ్గర లేచేవి గ్రీజువి, 4.12, 2.05 కూడా ఉంటే అది పూర్తిగా ఆరని ఇథైల్ ఎసిటేట్.

శుద్ధ పదార్థపు ఎంఐసీ, అది వచ్చిన ఫ్రాక్షన్ కన్నా బలహీనంగా తేలడం తరచూ జరుగుతుంది. ఎన్‌ఎంఆర్‌లో కనబడని ఒకటి రెండు శాతం మలినమే అసలు పనిచేస్తూ ఉండొచ్చు. అప్పుడు పీక్ ముందు భాగం, నడిమి భాగం, తోక విడివిడిగా పట్టి మూడింటినీ ఒకే ప్లేటులో కొలుస్తాను. మూడూ సమానంగా వస్తే ఆ పదార్థానిదే పని. తోకలోనే బలముంటే నిర్మాణం రాయడం ఆపి, ఆ తోకను వేరే రకమైన ఫీనైల్ కాలమ్ మీద మళ్ళీ విడదీయాలి.