అడుగున ఉన్న ఓడలు
గోపాల్‌పూర్, ఆదివారం

సముద్రం అడుగుకు దిగేటప్పుడు వేసుకునే డ్రైసూట్‌ను పెరట్లో నీడన ఆరేశాను. ఎండ తగిలితే మెడ పట్టీ రబ్బరు పాడవుతుంది. పట్టీలకు పౌడరు అద్ది, జిప్పుకు మైనం రాస్తుంటే పక్కింటి మామయ్య వల బాగుచేయడం ఆపి వచ్చారు.

"ఇది వేసుకుంటే లోపలికి నీళ్లు రావా?"

రావని చెప్పాను. ఒంటిని వెచ్చగా ఉంచేది లోపలి ఉన్నిబట్టలు, వాటిలో నిలిచిన గాలి. లోతుకు వెళ్లేకొద్దీ ఆ గాలి కుంచించుకుపోతుంది కాబట్టి, సిలిండర్ నుంచి కొద్దికొద్దిగా నింపుకుంటూ దిగాలి.

ఇంత తిప్పలు ఎందుకని అడిగారు. స్కాపా ఫ్లో గురించి చెప్పాను. స్కాట్లండుకు ఉత్తరాన ఆర్క్నీ దీవుల మధ్య ఉన్న సముద్రం అది. మొదటి ప్రపంచ యుద్ధం ఆగాక 74 జర్మన్ యుద్ధనౌకలను అక్కడ నిర్బంధించారు. అవి శత్రువుల పాలు కాకూడదని 1919 జూన్ 21న ఆ ఓడల అధిపతి రియర్ అడ్మిరల్ ఫాన్ రాయిటర్ ఆదేశమిచ్చారు. నావికులు నీళ్లు లోపలికి వచ్చే కవాటాలు తెరిచి సొంత ఓడలనే ముంచేశారు. 52 మునిగాయి. బ్రిటిష్ వాళ్ల కాల్పుల్లో తొమ్మిది మంది జర్మన్లు చనిపోయారు.

"వాళ్ల చేతులతో వాళ్లేనా?" అని మామయ్య రెండుసార్లు అడిగారు. బోటు మీదే బతికిన మనిషికి ఈ మాట మింగుడు పడలేదు. నాకూ అక్కడికి దిగేవరకు పడలేదు.

చాలా ఓడలను తర్వాత ఇనుము కోసం పైకి లాగేశారు. పెద్దవి ఏడు మాత్రం అడుగునే ఉన్నాయి. వాటిలో బాగా భారీ యుద్ధనౌకలు పైభాగంలో ఫిరంగుల బరువుకు తలకిందులైపోయాయి. నేను చూసిన కోల్న్ వాటికంటే చిన్నది, క్రూయిజర్ అనే రకం యుద్ధనౌక. అది పక్కకు ఒరిగి పడుకుంది. దాని డెక్కు గోడలా నిలువుగా ఉంటుంది. ఆ చలికి ముందు పెదవులు మొద్దుబారాయి. టార్చి వెలుగులో ఒక గుండ్రటి కిటికీ అంచు కనిపించింది. చుట్టూ తెల్లటి మెత్తని పగడాలు, లోపలి చీకటిలోంచి నన్నే చూస్తూ ఒక చేప. ఆ కిటికీ పక్కన ఒకప్పుడు ఎవరో నిద్రపోయేవారు. ముట్టుకోలేదు, ముట్టుకోకూడదు కూడా. ఆ ఓడలకు చట్టరక్షణ ఉంది.

"మనకూ ఒక చోటుంది," అన్నారు మామయ్య. అక్కడ వల వేస్తే చిరుగుతుందట, గాలానికి మాత్రం చేపలు బాగా పడతాయట. అడుగున ఓడ ఉందో, రాళ్లే ఉన్నాయో ఎవరూ చూడలేదు. లైట్‌హౌస్‌ను ఏ కొండకు సూటిగా పెట్టుకోవాలో వాళ్ల నాన్న చెప్పారట. నాకూ చెప్పారు. ఆ గురుతులు ఇక్కడ రాయను, అవి వాళ్ల జీవనాధారం.

దిగుతానని తొందరపడలేదు. ఇక్కడి నీళ్లు మడ్డిగా ఉంటాయి, చిరిగిన వలలు అక్కడే చిక్కుకుని ఉంటాయి. అలాంటి చోట దిగడం ప్రాణాంతకం. రేపు తెల్లవారుజామున ఆయన బోటులో వెళ్లి, తాడుకు సీసం గుండు కట్టి ముందు లోతు చూస్తాం.